అద్దాలాయన బరువెందుకు దించలేదు

"ఈ అద్దాలన్నీ ఒక్కసారి మీద పడితే పిల్లల్ని ఎక్కడని వెతుక్కుంటామండీ?"

అడిగింది అద్దాలాయన భార్య. తలుపులకీ కిటికీలకీ అద్దాలు కోసి బిగించడం ఆయన పని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన అద్దాలాయనే. ఆ లెక్కన ఆమె అద్దాలమ్మ అయింది. సొంత పేర్లు వాళ్ళకీ ఉన్నాయి గానీ, ఎప్పుడైనా ఉత్తరం వస్తేనే గుర్తొచ్చేవి. వాళ్ళ పెద్ద కూతురు మా అమ్మమ్మ. అప్పటికి బడికి వెళ్ళే వయసు. ఆమె కళ్ళారా చూసిందీ, వాళ్ళమ్మ దగ్గర విన్నదీ కలిపి చెప్పిన కథ ఇది.

ముందు దుకాణం, వెనక ఇల్లు. రెంటికీ మధ్య గోడంటూ లేదు. నేల నుంచి పైకప్పు దాకా ఒక చెక్క అరల వరస ఉండేది. ఆ అరల్లో పెద్ద పెద్ద అద్దపు పలకలు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఎండుగడ్డి పెట్టి నిలబెట్టి ఉండేవి. అరలకి అవతల కోత బల్ల, అద్దాలు అతికించే పుట్టీ డబ్బాలు. ఇవతల పిల్లల పడక. పొద్దున్నే వీధి వైపు నుంచి వచ్చే వెలుగు ఆ పలకలన్నీ దాటుకుని లోపలికి వచ్చేసరికి లేత ఆకుపచ్చగా మారిపోయేది. గాజులో కలిసిన ఇనుము చేసే పని అది. పెద్దదానికి ఆ సంగతి తెలియదు. "నాన్నా, మనం నీళ్ళ అడుగున కాపురం ఉంటున్నామా?" అని అడిగేది. "అవును, అందుకే మీ అమ్మ నన్ను చేపలా వేపుకు తింటోంది" అనేవాడు ఆయన.

యుద్ధం వచ్చాక ఆ వెలుగంటేనే అద్దాలమ్మకి భయం పట్టుకుంది. విమానాలు పగలే వచ్చేవి. మొదట రైల్వే యార్డు మీదకి వచ్చాయి, తర్వాత వంతెన మీదకి, ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడికి. సైరన్ కంటే ముందు వాళ్ళింట్లో అద్దాలకి తెలిసిపోయేది. దూరంగా ఎక్కడో ఇంజన్ల హోరు మొదలవగానే అరల్లోని పలకలు సన్నగా జుమ్మని మూలిగేవి. ఆ మూలుగు వినగానే మూడేళ్ళ పిల్లాడు, బుడ్డోడు, చేతిలో ఏది ఉంటే అది పారేసి ఏడుపు లంకించుకునేవాడు. వాడి ఏడుపు విని పక్కింటివాళ్ళు పరుగు మొదలుపెట్టేవాళ్ళు.

"మీ వాడు సైరన్ కంటే నయం వదినా, సైరన్ ఆఫీసువాళ్ళకి చెప్పి జీతం ఇప్పించాలి" అనేవాడు పక్కింటి సైకిల్ షాపాయన. అద్దాలాయనకి వరసకి తమ్ముడేం కాదు. గోడకి గోడ ఆనుకుని ఉండటం వల్ల కలిసిన వరస అది. మాట కలపడంలో వాడిని మించినవాడు ఆ వీధిలో లేడు. ట్యూబుకి పంక్చర్ వేస్తూ వీధిలో వాళ్ళందరి గుట్టూ విప్పేవాడు. ఒకసారి దుకాణం ముందు నలుగురున్నప్పుడు, "విమానాలవాళ్ళు మీకు బావమరుదులేమోనన్నా, ఊరంతా పగలగొట్టి పని మాత్రం మీకే ఇస్తున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. అద్దాలాయన కూడా నవ్వాడు. ఆ పూట ఆయన సరిగ్గా తినలేదని అద్దాలమ్మకి ఒక్కదానికే తెలుసు.

అప్పటి నుంచి ఎవరొచ్చి కిటికీ పగిలిందన్నా, "చెక్క కొట్టించుకోండి. యుద్ధం అయ్యాక చూద్దాం. అద్దం ఇప్పుడు ఇంట్లో ఉండాల్సిన వస్తువు కాదు" అని వెనక్కి పంపేవాడు. మరీ వెలుగు లేకపోతే జరగని చోట్లకి మాత్రం పని ఒప్పుకునేవాడు. ఊరందరి ఇళ్ళ సంగతీ ఇలా చూసేవాడికి సొంత ఇంట్లో అరల సంగతి ఎందుకు పట్టలేదని ఆమె గొడవ.

"పడితే మీద పడనీ, ముక్కలు ఏరుకోవడం మనకి కొత్తా?" అని మాట మార్చబోయాడు ఆ రోజు.

"పిల్లల మీద జోకులెయ్యకండి" అందామె.

మర్నాడు పొద్దున పెరట్లో పలుగు చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే ఆయన మోకాళ్ళ లోతు గోతిలో నిలబడి ఉన్నాడు. గోడ మీంచి సైకిల్ షాపాయన తల పెట్టాడు.

"ఏంటన్నా, నిధి దొరికిందా?"

"దొరకలేదురా, పాతిపెడుతున్నా. అందుకే పట్టపగలు తవ్వుతున్నా. తర్వాత నువ్వు తవ్వుకుంటే చూసిన సాక్షులుంటారు."

గోతి అడుగున ఇసక పోశారు. పలకలు ఒక్కొక్కటే పట్టుకొచ్చి నిలువుగా దించి, మధ్యలో మళ్ళీ ఇసక నింపారు. అద్దాన్ని పడుకోబెడితే పైన పడే బరువుకి విరుగుతుంది. నిలబెడితే చాలా బరువు ఓర్చుకుంటుంది. అది ఆయన చేతుల్లో ఉన్న తెలివి. బుడ్డోడికి ఒక చెంచా ఇచ్చి ఇసక పొయ్యమన్నారు. వాడు సగం గోతిలోనూ సగం సొంత నెత్తి మీదా పోసుకున్నాడు. సాయంత్రానికి అరలు బోసిపోయాయి. లోపలి వెలుగు మామూలు రంగులోకి వచ్చింది. ఆ రాత్రి అద్దాలమ్మ చాలాకాలం తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ఆ తర్వాత ఏ పనికి అద్దం కావాలన్నా గోతిలోంచి ఒక పలక తీసి, కోసి, మోసుకెళ్ళడమే. బండి మీద తీసుకెళ్ళే వీలు లేదు. వీధులన్నీ రాళ్ళ కుప్పలు, గుంటలు. అందుకని పాత మోత చట్రం బయటికి తీశారు. అది ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే ఆయన చావు దాని పట్టీలకి ముడిపడి ఉంది.

మనిషి వీపంత వెడల్పున్న చెక్క చట్రం. అడుగున బయటికి పొడుచుకొచ్చిన రెండు కొయ్యలు, వాటి మీద అద్దం అంచు ఆనుతుంది. చట్రానికి పాత దుప్పటి చుట్టి ఉంటుంది. భుజాలకి రెండు తోలు పట్టీలు, ఎడమదానికీ కుడిదానికీ బిగించుకోవడానికి చెరో బకిలీ. ఛాతీ మీదుగా ఇంకో సన్నటి పట్టీ. బల్ల మీద పెట్టిన చట్రానికి వీపు ఆనించి పట్టీలు బిగించుకుంటే ఎత్తుకోవడం అయిపోతుంది. దించడమే కష్టం. ముందు ఛాతీ పట్టీ విప్పాలి. తర్వాత ఎడమ బకిలీ. అది ఊడగానే బరువంతా కుడి భుజం మీదకి ఒరుగుతుంది, పలక అంచు మెడ వైపు తిరుగుతుంది. ఆ క్షణానికి వెనక ఇంకో మనిషి అడుగు కొయ్యల కింద చేతులు పెట్టి బరువు అందుకుంటేనే మోసేవాడు కుడి పట్టీలోంచి బయటికి రాగలడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఆ రెండో మనిషి ఎప్పుడూ అద్దాలమ్మే. పెళ్ళయిన కొత్తలో నేర్పాడు ఆయన. ఎక్కడికి మోసుకెళ్ళినా వెనకే నడిచేది. గమ్యం చేరాక ఆయన ఛాతీ పట్టీ విప్పి, అది ఊగి అద్దానికి తగలకుండా దాని కొసని ఎడమ భుజం దగ్గరున్న రింగులో దోపేవాడు. అది ఆయన అలవాటు. అప్పుడు ఎడమ బకిలీ తీసి "ఊఁ" అనేవాడు. ఆమె కింద చేతులు పెట్టేది. ఆ ఒక్క "ఊఁ" తోనే వాళ్ళిద్దరూ ఊళ్ళో సగం కిటికీలు బిగించారు.

ఒక సాయంత్రం కాన్పుల ఆసుపత్రి నుంచి ఆయా వచ్చింది. "కాన్పు గది కిటికీ పోయింది బాబూ. గుడ్డ కట్టాం, గాలి కోసేస్తోంది. చెక్క కొడదామంటే చీకటి. దీపం గుడ్డిది. కుట్లు వెయ్యడానికి డాక్టరమ్మ నన్ను లాంతరు పట్టుకోమంటోంది, నాకు చేతులు వణుకుతున్నాయి." అలాంటి చోటికి కాదనడం ఆయన వల్ల కాదు. పొద్దున్నే తెస్తానని మాటిచ్చాడు.

పొద్దున్నకి బుడ్డోడికి ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ మెడ వదలడం లేదు. పెద్దది బడికి వెళ్ళిపోయింది.

"పక్కింటివాళ్ళని కాసేపు చూడమని అడగనా?" అంది ఆమె.

"జ్వరంలో ఉన్న పిల్లాడిని ఎవరి దగ్గర వదులుతాం? నువ్వుండు. అక్కడ ఆయాలు ఉన్నారుగా, దించుతారు. దారి మధ్యలో దించే పనేముంది?"

ఆమెకీ ఆ మాట సబబుగానే తోచింది. పిల్లాణ్ణి ఒక చంకకి మార్చుకుని, ఇంకో చేత్తో చట్రం ఎత్తడానికి సాయం పట్టింది. ఆయన వీధిలోకి దిగాక వెనక నుంచి కేకేసింది.

"పుట్టీ డబ్బా మర్చిపోయారు!"

"మొన్నటిది అక్కడే ఉందిలే."

అవే ఆఖరి మాటలు. గొప్ప మాటలేమీ కావు. అమ్మమ్మ ఈ చోటికి వచ్చినప్పుడల్లా కథ ఆపి, "పుట్టీ గురించి" అని ఒక్కసారి తనలో తను అనుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

ఆయన సగం దారిలో ఉండగా సైరన్ మోగింది. బజారు వీధి, జనం కిక్కిరిసి ఉన్నారు. అందరూ గిడ్డంగి కింద ఉన్న నేలమాళిగ వైపు పరుగెత్తారు. అద్దాలాయన దొరికింది గిడ్డంగి పక్క సందులో, గోడ వారన. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు. బాంబు పేలినప్పుడు గాలి ఒక గోడలా కదులుతుంది, దాని ఒత్తిడికి ఊపిరితిత్తులు లోపల్లోపలే చితికిపోతాయి. ఈ సంగతి నాకు చదువు వల్ల తెలుసు. అద్దాలమ్మకి ఎవరూ చెప్పలేదు. నిద్రపోతున్నట్టున్న ఆ మొహం చూసి, ఎవరికీ లేపడం చేతకాక చచ్చిపోయాడేమోనని చాలాకాలం అనుమానపడింది.

చట్రాన్ని ఎవరో తెచ్చి పెరటి గోడకి ఆనించి వెళ్ళారు. అద్దం లేదు. కొయ్య విరగలేదు. ఆమె దాని వైపు చూడలేదు.

కుళాయి దగ్గర ఆ వారంలోనే ఒక మాట పుట్టింది. "గాజు కోసం ప్రాణం ఇచ్చుకున్నాడు." పుట్టించింది సైకిల్ షాపాయనే. "నేనూ ఆ వీధిలోనే ఉన్నాను. వదిలెయ్యన్నా, వదిలెయ్యి అని గొంతు చించుకున్నాను. వింటేనా? అద్దాన్ని కడుపులో పెట్టుకుని కాపాడుకుంటున్నట్టు నిలబడ్డాడు. పలక ఖరీదు చూసుకున్నాడు గానీ పెళ్ళాం పిల్లల్ని చూసుకోలేదు పాపం." పాపం అనే మాట చివర్లో పెట్టడంతో అందరూ నమ్మారు. ఆ మాట వీధి దాటింది, బజారు దాటింది, బడిలోకి వెళ్ళింది. పిల్లలు పెద్దదానికి "గాజు పిసినారి కూతురు" అని పేరు పెట్టారు.

ఒక సాయంత్రం పెద్దది బడి సంచీ కూడా దించకుండా వచ్చి తల్లి ముందు నిలబడింది.

"అమ్మా, నాన్నకి మనకంటే అద్దమే ఎక్కువా?"

అద్దాలమ్మ పిల్లాడి చొక్కా ఉతుకుతోంది. చేతులు ఆగిపోయాయి. కాదని ఠక్కున అనాలి. నోరు రాలేదు. రాకపోవడానికి కారణం ఆమెకే తెలుసు. ఆ ప్రశ్న ఆమె కూడా రోజూ తనని తను అడుగుతోంది. వదిలేస్తే అయిపోయేదిగా, ఎందుకు వదల్లేదు? ఇంట్లో అద్దాలుంటే పిల్లలకి ప్రమాదమని గొయ్యి తవ్విన మనిషి, తన వీపు మీది అద్దాన్ని ఎందుకు మోస్తూ నిలబడ్డాడు? తను వెనక ఉండుంటే అనే మాట కూడా వెంటనే వచ్చేది. ఆ మాట వచ్చాక ఇంకేమీ తోచేది కాదు.

"వెళ్ళి కాళ్ళు కడుక్కో" అంది కూతురితో. పెద్దది కదల్లేదు. కాసేపు చూసి, తనకి జవాబు దొరికిపోయిందన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తండ్రి మాట ఎత్తడం మానేసింది. ఆయన చొక్కా తగిలించిన కొక్కెం వైపు కూడా చూసేది కాదు. ఇలాగే పెరిగితే ఈ పిల్ల గుండెల్లో తండ్రి ఉండడని, గాజు ముక్క ఉంటుందని అద్దాలమ్మకి భయం వేసింది. విమానాలంటే ఉన్న భయం దీని ముందు ఎందుకూ కొరగాలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం వాన పట్టింది. తడిస్తే తోలు పట్టీలు బిగుసుకుపోతాయి. కోపం ఉన్నా బాధ ఉన్నా పనిముట్టు తడవనివ్వడం ఆమె చేతులకి అలవాటు లేదు. పరుగెత్తి చట్రాన్ని లోపలికి లాక్కొచ్చి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

ఛాతీ పట్టీ విప్పి ఉంది. దాని కొస ఎడమ భుజం రింగులో దోపి ఉంది.

ఎడమ బకిలీ తీసి ఉంది. తోలు తెగలేదు, చిరగలేదు. ముల్లు చక్కగా రంధ్రంలోంచి బయటికి తీసి ఉంది. కుడి పట్టీ మాత్రం మధ్యకి తెగి వేలాడుతోంది.

ఆమె తల మీద గుడ్డ కప్పుకుని వానలోనే అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళింది. ఆయన్ని మోసుకొచ్చినవాళ్ళలో ఒకాయన అక్కడ బూట్లు ఆరబెట్టుకుంటున్నాడు.

"అన్నా, ఎడమ పట్టీ మీరు విప్పారా?"

"విప్పే తీరిక మాకెక్కడిదమ్మా? కుడిది కత్తితో కోసి మనిషిని బయటికి లాగాం. ఎడమది అప్పటికే ఊడి ఉంది."

"ఛాతీ పట్టీ?"

"దాని జోలికే పోలేదు."

తిరిగొచ్చే దారిలో ఆమెకి వాన తెలియలేదు. ఆయన దించబోయాడు. గుంపులో దించితే పగిలి పరుగెత్తేవాళ్ళ కాళ్ళ కింద పడుతుందని సందులోకి జరిగి ఉంటాడు. ఛాతీ పట్టీ విప్పి, ఎప్పటిలాగే కొస దోపి, ఎడమ బకిలీ తీశాడు. బరువు ఒరిగింది. పలక అంచు మెడ మీదకి వచ్చింది. కింద చేతులు పెట్టేవాళ్ళు కావాలి. "ఊఁ" అన్నాడో, ఎవరినైనా పిలిచాడో.

వదిలెయ్యి అని అరిచినవాడికి ఆ మాట వినపడకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు తెగిన పట్టీ కుట్టింది. పెద్దదాన్ని బడి మానిపించి, ఇద్దరూ కలిసి గోతిలోంచి ఒక పలక తీశారు. చట్రంలో నిలబెట్టి, తాడు కట్టి, చెరోవైపు పట్టుకుని సైకిల్ షాపు ముందున్న అరుగు మీద పెట్టారు. షాపులో నలుగురైదుగురు ఉన్నారు. సైకిల్ షాపాయన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"మరిదీ, కాస్త ఇలా రా. చిన్న సాయం."

"చెప్పు వదినా, ఎక్కడికి మొయ్యాలి?" చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ముందు ఎత్తుకో. మీ అన్న కొలతే, నీకూ సరిపోతుంది."

వాడు అరుగుకి వీపు ఆనించాడు. ఆమే పట్టీలు బిగించింది. "అబ్బో, అన్న రోజూ ఇంత మోసేవాడా? నాకైతే సైకిలే బరువు" అన్నాడు వాడు, అక్కడున్నవాళ్ళని నవ్వించడానికి. వీధి మధ్యకి రమ్మంది. వచ్చాడు. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది.

"ఇప్పుడు దించు."

"ఎలా?"

"ఛాతీది తియ్యి. తర్వాత ఎడమ బకిలీ."

తీశాడు. బరువు ఒక్కసారి కుడికి ఒరిగింది. వాడు తూలి, వంగి, రెండు చేతులూ వెనక్కి పెట్టి చట్రాన్ని పట్టుకున్నాడు. పలక అంచు చెవి కింద ఆనింది. షాపులో నవ్వులు ఆగిపోయాయి.

"వదినా, పట్టుకో."

"వదిలెయ్యి."

"పడిపోతుంది వదినా, పట్టుకో!"

"పడితే పడనీ. గాజేగా. వదిలెయ్యి మరిదీ, వదిలెయ్యి."

షాపులోంచి ఒకాయన సాయానికి లేవబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మెడ మీదకి వస్తోంది! వదినా, నీకు దండం పెడతాను..."

"ఆయన కూడా ఇలాగే పిలిచాడా?"

వాడికి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పెద్దది అరుగు పక్కన నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

అద్దాలమ్మ వెనక్కి వెళ్ళి అడుగు కొయ్యల కింద చేతులు పెట్టింది. "ఊఁ" అంది. వాడు కుడి పట్టీలోంచి బయటికి వచ్చి, తొట్టి పక్కన నేల మీద కూలబడ్డాడు.

"పేరు పెట్టి పిలిచాడు వదినా. ఎప్పుడూ ఒరేయ్ తమ్ముడూ అనేవాడు. ఆ రోజు నా పేరు పెట్టి పిలిచాడు. ఒక్క చెయ్యి వెయ్యరా అన్నాడు. నేను... తల మీదకి వచ్చేసింది చప్పుడు. వదిలెయ్యన్నా అంటూ పరుగెత్తాను."

తిట్టడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆ పూట ఆ వీధిలో పరుగెత్తనివాళ్ళు ఎవరున్నారు గనక?

తల్లీ కూతుళ్ళు పలకని చెరో పక్కా పట్టుకుని ఇంటికి నడిచారు. గుమ్మం దాటాక పెద్దది అడిగింది.

"అయితే నాన్న దించేద్దామనే అనుకున్నాడా?"

"అనుకున్నాడు."

"ఇంటికి రావాలని?"

"ఇంటికి రావాలనే."

పెద్దది అప్పుడు ఏడ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి.

కాన్పు గది కిటికీ ఇంకా అలాగే ఉందని ఆయా కబురు పెట్టింది. అద్దాలమ్మ కోత బల్ల దగ్గర నిలబడింది. ఆయన కొయ్యడం చూసిందే గానీ తను ఎప్పుడూ కొయ్యలేదు. మొదటి పలక వంకరగా విరిగింది. రెండోది కుదిరింది. చట్రం వీపుకి ఎత్తుకుని వీధిలోకి వచ్చేసరికి సైకిల్ షాపాయన షట్టర్ దించి నిలబడి ఉన్నాడు. ఆమె వెనకే నడిచాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమె ఎడమ బకిలీ తీసింది. వాడు కింద చేతులు పెట్టాడు.

యుద్ధం ముగిసే దాకా, ముగిశాక కూడా చాలా ఏళ్ళు, దించడానికి వాడే వెళ్ళేవాడు. గోతిలో పాతిన అద్దాలు మెల్లగా ఊరి కిటికీలకి ఎక్కాయి. కుళాయి దగ్గర పాత మాట ఎవరైనా ఎత్తితే వాడే అడ్డుపడి, జరిగింది జరిగినట్టు చెప్పేవాడు. తన వాటా కూడా దాచకుండా చెప్పేవాడు. జోకులు మాత్రం మానేశాడు. ఆమె వాణ్ణి క్షమించిందా అని నేను అమ్మమ్మని అడిగాను. "ఏమో. టీ ఇచ్చేది. పేరు పెట్టి మాత్రం ఎప్పుడూ పిలవలేదు" అంది.

అద్దాలమ్మ తనని తను క్షమించుకుందా అనేది ఇంకా కష్టమైన ప్రశ్న. పక్కింట్లో ఒక్కమాట అడిగి ఉంటే, పిల్లాణ్ణి కాసేపు ఎత్తుకోమని ఉంటే, తను వెనక ఉండేది. అడగడానికి మొహమాటపడ్డాం, అదే మా ఇద్దరి తప్పు, అనేదట. తప్పని ఆయనకి తెలియక కాదు. పెళ్ళయిన కొత్తలో, ఈ చట్రం నేనొక్కదాన్నే ఎత్తుకోగలనని ఆమె పంతం పడితే, ఆయనే పట్టీలు లాగేసుకుని నేర్పిన మొదటి పాఠం అది. ఆమె కూతురికి చెప్పింది. ఆ కూతురు, మా అమ్మమ్మ, నాకు చెప్పింది, నేను నా నెలల పాపని ఒళ్ళో పెట్టుకుని, నిద్ర లేక, ఎవరి సాయమూ అక్కర్లేదని మొండికేసి కూర్చున్న రోజున.

నాకు పిల్ల ఊపిరి లెక్కపెట్టకుండా ఇప్పటికీ నిద్ర రాదు. ల్యాబ్‌లో పగలంతా బ్యాక్టీరియాతో పని చేసి వచ్చిన చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా పిల్లని ముట్టుకోవడానికి సందేహమే. కానీ పొద్దున పిల్లని ఎత్తుకునే ముందు ఒక పని తప్పకుండా చేస్తున్నాను. పక్కింటి తలుపు కొట్టి, "అక్కా, ఇవాళ నా వల్ల కాకపోతే పిలుస్తాను, ఉంటావా?" అని అడుగుతున్నాను. మొదటిసారి అడిగినప్పుడు మొహం చెల్లలేదు. ఇప్పుడు ఆమె తలుపు తీయకముందే లోపలి నుంచి "ఉంటానమ్మా" అంటోంది.

అద్దాలాయన అద్దాలమ్మకి ఆనాడు చెప్పింది ఇంతే: "ఎత్తుకోవడం ఎవరైనా ఎత్తుకుంటారే పిల్లా. దించేటప్పుడు చెయ్యి వేసేది ఎవరో ముందు అడుగు. అడిగాకే ఎత్తుకో."